జర్మనీ వారికి చింతలంక పడవ

“ప్రపంచంలో ఏ మూల ఏ మతస్థుడి కంట నీరు కారినా, ఆ నీరు మన పంచాయతీ బోర్డు పరిధిలోనిదే!” అని చింతలంక ప్రెసిడెంటు నరసరాజుగారు బల్ల గుద్దారు. సిరాబుడ్డి ఎగిరి గుమాస్తా ప్రసాదరావు పంచె మీద పడింది. చరిత్రాత్మక ఘట్టాల్లో గుమాస్తాల పంచెలు పాడవడం మామూలే.

సంగతేమిటంటే, జర్మనీలో యూదుల ఇళ్లూ ప్రార్థనామందిరాలూ తగలబెడుతున్నారని పేపర్లో పడింది. అది చదివి బాధపడ్డ దొరగారొకరు శనివారం ఏలూరులో తేనీటి విందు ఇస్తున్నారని కూడా తెలిసింది. దొరల సర్కారిచ్చే రావుసాహెబు బిరుదు కోసం మూడేళ్లుగా కాచుక్కూర్చున్న నరసరాజుగారికి, ఈ రెండు కబుర్లూ కలిపి వినేసరికి కరుణ కట్టలు తెంచుకుంది.

“సాయంత్రం మీటింగుకి తీర్మానం రాసి పట్రావోయ్. వాళ్ల కష్టాలు వింటే రాయి కూడా ఏడవాలి,” అన్నారు.

ప్రసాదరావు తాడేపల్లిగూడెం దాటి ఎరగడు. జర్మనీ కష్టాలు ఎక్కణ్ణించి తెస్తాడు పాపం? సొరుగు లాగాడు. పైనే కృపమ్మ అర్జీ కనిపించింది.

కృపమ్మ ఆ పొద్దున్నే అయిదోసారి వచ్చి అరుగు కింద నిలబడి వెళ్లింది. “కిరస్తానీ మతం పుచ్చుకోకముందు ఓ మూలనైనా కూర్చోనిచ్చేవోరండి. ఇప్పుడు మా పేటోళ్లని బోర్డు పడవే ఎక్కనివ్వట్లేదు. మా పిల్లకి నెలలు నిండాయండి. కాన్పు కష్టం, ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లమంది మంత్రసాని. తాటిదోనెలో ఎలా తీసుకెళ్లనండి బాబూ?” అని మొత్తుకుంది.

“జర్మనీ పని అయ్యాక చూద్దాంలే,” అన్నారు నరసరాజుగారు.

తాటిదోనె అంటే తాటిమానుని తొలిచిందే. అందులో కూర్చుని గట్టిగా తుమ్మితే ఏటి చేపల్ని పలకరించి రావచ్చు.

ప్రసాదరావు ఆ అర్జీనే ఎత్తి రాశాడు. చింతలంక కొట్టేసి జర్మనీ పెట్టాడు. బోర్డు పడవ కొట్టేసి సర్కారు స్టీమరు పెట్టాడు. మనిషి కాస్త తొందర మనిషి. తాటిదోనె మట్టుకు అలాగే ఉండిపోయింది.

సాయంత్రం నరసరాజుగారు చదివారు. “‘వేరు మతమువారమని మమ్ము స్టీమరు ఎక్కనీయరు. పిల్లలను నెత్తిన పెట్టుకొని పీకలలోతు నీటిలో ఏరు దాటుచున్నాము. నిండు గర్భిణులు సైతము తాటిదోనెలలో...’” వాళ్లకి సర్కారు సొమ్ముతో సాయం చేయాలని ముగించారు. మెంబర్లంతా కండువాలతో కళ్లొత్తుకున్నారు.

ఊరూరా ఏలూరు తివాచీలమ్మే మెంబరు అబ్దుల్ మజీద్ మాత్రం లేచాడు. “జర్మనీలో తాటిచెట్లున్నాయంటారాండీ?”

“ఉండకేమండీ? కల్లు లేకుండానే మనుషులకి అంత మదం ఎక్కుతుందా?” అన్నారు నరసరాజుగారు.

“సరే కానండి. రేవు మెట్లకే సొమ్ము లేదంటిరి. పైదేశం వాళ్లకి సర్కారు సొమ్మివ్వడం సబబేనంటారా?”

“సొమ్ము మనదైతే కదండీ ఆలోచించడం. మద్రాసు సర్కారు పదివేలివ్వాలని సిఫారసు చేద్దాం. మన వంతు కూడా రాసుకోవోయ్ ప్రసాదరావూ. మతము కారణముగా పడవ ఎక్కనీయబడనివారెవరు మన రేవునకు వచ్చినను, బోర్డు పడవలో ఉచితముగా దాటింపవలెను. అధ్యక్షులవారు స్వయముగా చేయి అందింపవలెను.”

జర్మనీనించి చింతలంక రేవుకి ఎవడొస్తాడులే అన్న ధైర్యంతో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ప్రసాదరావు నకలు తీసి రేవు పాకకి అంటించాడు. అది రూలు. పడవవాడు అబ్బులుకి రెండుసార్లు చదివి వినిపించాడు. అది రూలు కాదు.

శనివారం నరసరాజుగారు కోటూ తలపాగాతో, సాగనంపే మెంబర్లతో రేవుకొచ్చేసరికి, పడవలో కృపమ్మ, నొప్పులు పడుతున్న కూతురూ, పక్కన తివాచీల మూటతో మజీదూ ఉన్నారు.

“వాళ్లని దింపరా అబ్బులూ!”

“తీర్మానం చేసింది తమరేగదండి. మతం మూలంగా ఎక్కనివ్వనోళ్లెవరైనా అన్నారండి. ఈళ్లేనండి.”

“అది జర్మనీ వాళ్లకిరా.”

“రండి ప్రెసిడెంటుగారూ, చోటుంది,” అన్నాడు మజీద్.

వాళ్ల సరసన కూర్చోవడమా? నరసరాజుగారు గట్టుమీదే అత్యవసర సమావేశం వేశారు. రెండో తీర్మానం చెప్పారు: “పునఃపరిశీలనలో ఆ కష్టములన్నియు అతిశయోక్తులని తేలినది. మొదటి తీర్మానము రద్దు. జర్మనీ ప్రభుత్వమువారి ఇబ్బందులను కూడ మనము గ్రహింపవలసియున్నది.” మెంబర్లు సంతకాలు పెట్టేలోపు అబ్బులు గెడ వేసి పడవ తోసేశాడు.

విందు వేళ మించిపోతోంది. రేవులో మిగిలింది తాటిదోనె ఒక్కటే. దొరగారి మీద భక్తితో అందులోనే ఎక్కారు. వెనక ప్రసాదరావు రెండు తీర్మానాలూ పట్టుకుని కూర్చున్నాడు. నడి ఏట్లో నరసరాజుగారు తలపాగా సర్దుకున్నారు. అంతే, దోనె బోర్లా పడింది.

ప్రసాదరావుకి నీళ్లు పీకలదాకా వచ్చాయి. పొట్టివారు కాబట్టి నరసరాజుగారికి ముక్కుదాకా వచ్చాయి. అబ్బులు పడవ వెనక్కి మళ్లించాడు. కృపమ్మ ఒక చేత్తో కూతుర్ని పొదివి పట్టుకుని రెండో చెయ్యి చాచింది.

“పట్టుకోండి బాబూ. చెయ్యి అందించాలని తీర్మానంలో ఉందిగదండి.”

నరసరాజుగారు అటు గట్టూ ఇటు గట్టూ చూశారు. మెంబర్లు చూస్తున్నారు. ఓసారి మునిగారు. తేలాక ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో కృపమ్మకి మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. నరసరాజుగారు మాత్రం తడిబట్టలతో విందుకి పోలేక మజీద్ ఇచ్చిన తివాచీ చుట్టుకుని ఇల్లు చేరారు.

సోమవారం ఆయన మినిట్సు రాయించారు. “‘ప్రవాహమధ్యమున ఒక బాధితురాలికి అధ్యక్షులవారు స్వయముగా చేయి అందించిరి.’ రాశావా?”

“రాశానండి. మరి నీళ్లలో నానిన తీర్మానాలండీ?”

“రెండూ మళ్లీ రాయి. మొదటిది దొరగారికి పంపు. రెండోది రేవు పాకకి అంటించు, రేపణ్ణించి ఆ పేటవాళ్లెవరూ పడవ ఎక్కకూడదు.”

ప్రసాదరావు “చిత్తమండీ” అన్నాడు. శుభ్రంగా రెండూ రాశాడు, సంతకాలు చేయించాడు. కానీ చెప్పాను కదా, తొందర మనిషి. కృపమ్మ మనవరాలు నెలల పిల్లయి బోర్డు పడవలో తిరిగేనాటికి కూడా రేవు పాకకి మొదటి తీర్మానమే అంటించి ఉంది. జర్మనీ ప్రభుత్వమువారి ఇబ్బందులు మాత్రం దొరగారికి రిజిస్టరు పోస్టులో చేరాయి.