పదకొండేళ్ల గుండె చప్పుడు

పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, వడ్రంగి మెడికల్ కాలేజీ ఆసుపత్రికి బయల్దేరాడు. ఏటా ఆ రోజు డాక్టరు చదువు ఆఖరి పరీక్ష. పరీక్షకు రోగులు కావాలి. ఇతని గుండెలో ఒక కవాటం ఇరుకని, స్టెతస్కోపు పెడితే గురగురమని వినిపిస్తుందని పేరు. మంచం మీద పడుకోవడం, చదువుకునే పిల్లలకు గుండె వినిపించడం, ఆసుపత్రివాళ్లు పెట్టే రొట్టె, గుడ్డు తిని మధ్యాహ్నానికి ఇల్లు చేరడం, అంతే పని. భార్య పోయాక ఇంకొకరు పెట్టిన తిండి తినేది ఏడాదికి ఆ ఒక్కరోజే.

జబ్బు పేరు అతనికి నోటికి వచ్చు. అడిగిన విద్యార్థికల్లా చెవిలో చెప్పేసేవాడు. అలా ఇప్పటికి నలభై మందిని గట్టెక్కించాడు.

ఈసారి వచ్చిన అమ్మాయి స్టెతస్కోపు తిరగేసి పెట్టుకుని, మళ్లీ తీసి సరిచేసుకుంది.

"ఎన్నోసారి తల్లీ?"

"మూడోది తాతా. ఇదీ పోతే కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు."

"ఎందుకు పోతుందీ? ఇలా వంగు, చెవిలో చెబుతా."

"వద్దు తాతా. నువ్వు చెబితే నాకూ అదే వినిపిస్తుంది."

ఆమె కూర్చోబెట్టి వింది. పక్కకు తిప్పి వింది. ఊపిరి బిగబట్టించి వింది. ఎగ్జామినర్ రాగానే, "చప్పుడేం లేదండీ, గుండె శుభ్రంగా ఉంది," అంది.

వడ్రంగికి ఒళ్లు మండింది. "శుభ్రంగా ఉండటమేంటి? పదకొండేళ్లుగా మాత్రలు మింగుతున్నా! అయ్యా, ముందు ఈ పిల్ల చెవులు చూడండి."

ఎగ్జామినర్ తనూ విన్నాడు. చదువుకునే రోజుల్లో ఆయన పాసయ్యింది ఈ గుండె మీదే. "ఉంది. మెల్లగా ఉంది," అన్నాడు.

"లేదండీ."

నమ్మకం సడలి ఆయన పక్క వార్డు డాక్టరును పిలిచాడు. ఆ డాక్టరు ముందు కేస్ షీటు చదివి, తర్వాత విన్నాడు. ఆయనకు చప్పుడు స్పష్టంగా వినిపించింది. తర్వాత పిలిచిన మూడో డాక్టరుకు నిరుటికన్నా పెరిగినట్టు వినిపించింది. చివరికి పెద్ద డాక్టరు వచ్చి, విని, అదిరిపడ్డాడు. "ఈ మనిషిని ఇంకా నడవనిస్తున్నారా? వెంటనే ఆపరేషన్!"

నర్సు వడ్రంగి చేతిలోని గుడ్డు లాగేసుకుని, చొక్కా విప్పించి, కత్తి తెచ్చింది.

"పొద్దున్నే గీసుకున్నానమ్మా," అన్నాడు గడ్డం చూపిస్తూ.

"నీ అందం కోసం కాదు. ఛాతీ మీద. కదలకు."

ఆపరేషన్‌కు ముందు స్కాన్ తప్పదు. పాత కేసు కదా అని ఇన్నేళ్లూ ఎవరూ తీయలేదు. తెర మీద కవాటం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వడ్రంగికి తలుపుల సంగతి తెలుసు. అది ఎక్కడా పట్టేయడం లేదు.

అమ్మాయి కేస్ షీటు తిరగేసి, అడుగున నలిగిన మొదటి కాగితం పైకి తీసింది.

"తాతా, అట్ట మీద పేరు నీదే. లోపల మాత్రం స్త్రీ, నలభై తొమ్మిదేళ్లు అని ఉంది."

వడ్రంగి ఆ కాగితాన్ని తీసుకుని మడతలు సాపు చేశాడు.

"మా ఆవిడ," అన్నాడు. "పదకొండేళ్ల కిందట ఇక్కడికొచ్చి ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం. నాకు గుండెజబ్బన్నారు. దానికేమో అరుగుదల లేదని పొడి ఇచ్చి పంపారు. నాది గుండెజబ్బు కదా, నీళ్ల బకెట్లన్నీ అదే మోసింది. మెట్ల మీద ఆయాసపడితే బద్ధకమని తిట్టేవాణ్ణి. నాలుగో నెలలో పోయింది."

పెద్ద డాక్టరు స్కాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి మార్కులు, సార్? అమ్మాయి చెప్పిందే నిజం కదా," అన్నాడు ఎగ్జామినర్.

"అది నిజమైతే నువ్వెలా పాసయ్యావు?"

ఎగ్జామినర్ తల దించుకుని పెన్ను తీశాడు.

"ఆ పిల్లను పాస్ చెయ్యండయ్యా," అన్నాడు వడ్రంగి. "ఇన్నేళ్లలో నా గుండె విన్నది అదొక్కతే."

"నీకు జబ్బే లేనప్పుడు ఇక్కడ నీకేం పని?" అని నర్సు చొక్కా చేతికిచ్చింది.

సాయంత్రం పాసైనవాళ్ల జాబితాలో అమ్మాయి పేరు లేదు. మర్నాడు స్కాన్ మిషన్‌ను రిపేరుకు పంపించారు.