దేశానికి నెట్ ఆపితే మా నెస్రిన్ లెక్కలు చేసింది

పిల్లలు పరీక్ష బాగా రాయాలంటే ఏం చెయ్యాలి? దేశం మొత్తానికి ఇంటర్నెట్ ఆపెయ్యాలి!

నవ్వకండి. నేను చదివింది ఎనిమిదో తరగతే. అయినా ఈ ఒక్క విషయంలో ఎంత పెద్ద ప్రొఫెసరు వచ్చినా వాదనకు సిద్ధం.

బడి చదువు ఆఖర్న రాసే బాక్ పరీక్షల రోజుల్లో ప్రశ్నలు బయటికి పొక్కకుండా మా దేశంలో నెట్ ఆపేస్తారు కదా. జనం తిట్టిపోస్తారు. బ్యాంకులో పని జరగదట, టాక్సీ దొరకదట. దొరకకపోతే నడవండి! మొస్తగానెమ్ ఏమన్నా అంత పెద్ద ఊరా?

లాభాలు చూడరేం? మా ఆయన మిలూద్ ఇరవయ్యేళ్ల కాపురంలో మొదటిసారి తలెత్తి వంటింటి గోడ చూశాడు. "ఏమే, ఈ టైల్స్ ఎప్పుడు వేయించాం?" అన్నాడు. ఫోనులో పూల బొమ్మలు పంపడమే తప్ప మొహం చూపించని పై అంతస్తు ఖీరా వదిన, స్వయంగా మెట్లు దిగొచ్చి ఉప్పు అడిగింది!

అసలు లాభం మాత్రం మా పెద్దమ్మాయి నెస్రిన్‌కు దక్కింది.

దానికి నర్సు కావాలని కోరిక. బాక్‌లో సగటు ఇరవైకి పన్నెండు దాటితే గానీ ఆ చదువులో సీటు రాదు. లెక్కలు దాని పాలిట యముడు. నాకేమో సహజంగానే గుండె ధైర్యం ఎక్కువ! అది పెన్సిలు చెక్కుతుంటే వేలు తెగుతుందనీ, చెక్కకపోతే ఫెయిలవుతుందనీ భయం. అందుకని "బాక్ తల్లులు" అనే వాట్సాప్ గ్రూపులో చేరాను. నూటనలభై మంది తల్లులం. రోజుకు పది సలహాలు.

చేపలు తింటే మెదడు పెరుగుతుందన్నారు. మూడు వారాలు సార్డీన్లే వండాను. గోడ వైపు తిరిగి చదివితే గుర్తుంటుందన్నారు. తిప్పాను. కిటికీ వైపు అని ఇంకో తల్లి పెట్టింది. మళ్లీ తిప్పాను. పాతిక నిమిషాలు చదివి అయిదు నిమిషాలు ఆగాలన్నారు. గడియారం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"అమ్మా, నువ్వు గడియారం చూస్తుంటే నాకు పుస్తకం కనిపించట్లేదే!"

"నీ మంచికే తల్లీ. ఊపిరి పీల్చు. ఇందాకటి నుంచి పీల్చలేదు."

మే నెలలో బడిలో మాదిరి పరీక్ష పెట్టారు. మా పిల్లలకు రెండు ప్రశ్నపత్రాలిస్తారు, నచ్చిన ఒక్కటి రాస్తే చాలు. నేను బుద్ధిగా గ్రూపులోని సలహాలన్నీ కాగితం మీద రాసిచ్చాను. రెండూ రెండుసార్లు చదువు. మొదటిదే తేలిక. కాదు, రెండోదే తేలిక. అరగంటకోసారి కళ్లు మూసుకుని పదిసార్లు ఊపిరి తియ్యి.

లెక్కల్లో ఇరవైకి ఆరొచ్చాయి!

"ఏమైందే?"

"మొదటిది సగం చేశానమ్మా. నీ కాగితం గుర్తొచ్చి రెండోదానికి మారాను. మళ్లీ భయమేసి మొదటిదానికొచ్చాను. మిగతా టైమంతా ఊపిరి తీశాను."

తప్పు నాదే. సలహాలు చాల్లేదు! వెంటనే ఇంకో ఇరవై పోగుచేశాను.

అసలు లెక్కల పరీక్ష రోజు పొద్దున్న అది బూట్లేసుకుంటోంది. ఫోను తెరిచాను, ఆఖరి సలహా కోసం. తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. అప్పుడే నెట్ ఆపేశారు! నూటనలభై మంది తల్లులు మూగబోయారు. బిడ్డ గుమ్మం దగ్గర నిలబడి నా మొహంలోకి చూస్తోంది. నాకు ఒక్క ముక్క తోచలేదు.

"తిన్నావా?" అన్నాను.

"తిన్నా."

"సరే, వెళ్లిరా."

అంతే. పదమూడేళ్ల బడి చదువులో ఇంత తక్కువ మాటలతో ఎప్పుడూ పంపలేదు. వీధి మలుపు తిరిగేదాకా అది నాలుగుసార్లు వెనక్కి చూసింది. నాకేదో జబ్బు చేసిందనుకుందేమో!

మధ్యాహ్నం వచ్చి మస్‌మెన్ రొట్టె తేనెలో ముంచుకుని తింటూ కూర్చుంది.

"ఏ పత్రం రాశావే?"

"మొదటిది. రెండోదాన్ని మడిచి కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నా. ఇక మారడానికి లేదు కదా!"

నేను నోరు తెరిచాను. ఎంత గొప్ప ఉపాయం! "ఈ సలహా ఎవరిచ్చారే నీకు? ఏ గ్రూపులో వచ్చింది?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా," అంది, వేళ్లు నాక్కుంటూ. "పొద్దున్న నెట్ లేదు కదా."

జులైలో ఫలితాలొచ్చాయి. సగటు పన్నెండున్నర. లెక్కల్లో పదమూడు! మిలూద్ మేడమీదికెక్కి టపాసులు కాల్చాడు. ఖీరా వదిన ఈసారి ఉప్పు కోసం కాదు, పళ్లెం నిండా మిఠాయితో దిగొచ్చింది. గ్రూపులో తల్లులందరూ ఒకటే అడగడం: "ఏం చేశారు? చెప్పండి!" ఏం చెప్పను? నోరు మూసుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గు కదా!

కాబట్టి నెట్ ఆపే పైవాళ్లకు నా విన్నపం. ఒక్క తల్లి నోరు కట్టడానికి దేశం మొత్తానికి నెట్ కట్టెయ్యాల్సిన పనేముంది? పాపం, బ్యాంకులు, టాక్సీలు, జనం! వచ్చే ఏడు మా చిన్నది హూరియా బాక్ రాస్తుంది. అందరినీ వదిలేసి మా ఇంటికొక్కదానికే ఆపండి, చాలు.

కానీ కాస్త ముందుగా ఆపండి బాబూ, సెప్టెంబరు నుంచే. సార్డీన్లు అప్పుడే కొనేశాను.