సి సెక్షన్ మధ్యాహ్నం

ఆ ఊరి ప్రభుత్వ హైస్కూల్లో మెరికల సెక్షన్ తెరిచినప్పుడు దానికి కావలసిన అదనపు గంటలు ఎక్కడా దొరక్క, ఎనిమిదో తరగతి సి సెక్షన్ మధ్యాహ్నాన్ని తీసి దానికి బదిలీ చేశారు. ఉత్తర్వును నోటీసు బోర్డుకు అంటించారు. కింద హెడ్మాస్టరు సుదర్శన్ సంతకం, గుండ్రటి ముద్ర ఉన్నాయి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే స్వరూపకు కవల కూతుళ్లు, మేఘన, కీర్తన. ఎంపిక పరీక్షలో ఇద్దరికీ సమానంగా మార్కులొచ్చాయి. మిగిలింది మాత్రం ఒక్క సీటు. హాజరు పట్టీలో కీర్తన పేరు ముందుంది గనుక సీటు ఆమెకిచ్చి, మేఘనను సి సెక్షన్‌కు పంపారు. ఇంత న్యాయంగా తేలిన వ్యవహారం ఆ బడిలో ఇంకొకటి లేదని టీచర్లందరూ మెచ్చుకున్నారు.

ఆ రోజు నుంచి మేఘన అన్నం తిని, కుళాయి దగ్గర పళ్లెం కడుక్కుని తరగతి వైపు నడిచేది. గడప దాటగానే ఆమెకు సాయంత్రమయ్యేది. గిన్నెలు తోముతూ మధ్యలో లేచి స్వరూప ఒకసారి తొంగి చూసింది. గదిలో బెంచీలే ఉన్నాయి, పిల్లలెవరూ లేరు. పక్క గదిలో కీర్తన వాళ్లకు మాత్రం రోజూ రెండు మధ్యాహ్నాలు, ఒకదాని వెనక ఒకటి. నాలుగున్నరకు మేఘన సంచీతో గేటు దగ్గర కనిపించేది.

"ఆకలైతలేదా బిడ్డా?" అని తల్లి అడిగేది.

"ఇప్పుడే గద అమ్మా తిన్నది," అనేది మేఘన.

పిల్లలు పెరిగేది మధ్యాహ్నం పూటేనని అంతవరకు ఎవరికీ తెలియదు. ఏడాది తిరిగేసరికి కీర్తన జానెడు ఎత్తు ఎదిగింది. మేఘనకు నిరుటి యూనిఫామే ఇంకా వదులుగా ఉంది. కాన్పులో పది నిమిషాలు ముందు పుట్టింది మేఘనే. ఒకరోజు ఆ పిల్ల కీర్తనను అక్కా అని పిలిచింది. కీర్తన పలికింది కూడా. స్వరూప పొయ్యి పొగ మీద నెపం పెట్టి చాలాసేపు ఏడ్చింది.

తొమ్మిదో తరగతిలో తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది. మెరికల సెక్షన్ ఒక్కటి సరిపోవడం లేదని, ఇంకొకటి కావాలని అందరూ పట్టుబట్టారు. అడగడంలో తప్పేముంది, ఎవరి పిల్లలు వాళ్లకు మెరికలే. సుదర్శన్ ఫైలు తెరిచి స్వరూప వైపు చూశాడు.

"సి సెక్షన్లో పొద్దటి పూట ఇంకా మిగిలి ఉందమ్మా. ఆ సెక్షన్ పిల్ల తల్లిగా నువ్వు సంతకం పెడితే రెండోది తెరవచ్చు. మీ మేఘనకూ సీటు రావచ్చు."

"పరీక్ష రాయనిస్తరా సార్?"

"అందరికీ ఒకటే పరీక్ష."

ఆ మాటకు స్వరూప ప్రాణం లేచి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. పరీక్షలో ప్రశ్నలన్నీ మధ్యాహ్నం చెప్పిన పాఠాల్లోంచి వచ్చాయి. మేఘన తన పేరు, తరగతి గుండ్రటి అక్షరాలతో రాసి పేపరు ఇచ్చేసింది.

సి సెక్షన్ పొద్దటి పూట కూడా వెళ్లిపోయింది. భోజనాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది నిబంధనల ప్రకారం ప్రతి పిల్లకూ పెట్టి తీరాల్సిందే. దాంతో మేఘనకు బడి అంటే పళ్లెం పట్టుకోవడం దగ్గర మొదలై పళ్లెం కడుక్కోవడం దగ్గర ముగిసేది. హాజరు కూడా భోజనాల వరుసలోనే వేసేవారు. సి సెక్షన్‌కు నూటికి నూరు శాతం హాజరు వచ్చిందని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

మేఘన పుస్తకం తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో పేజీలు తిప్పేది. అది చూసిన స్వరూప అన్నాన్ని పలుకు మీదే దించసాగింది. నమలడానికి సమయం పడుతుంది, తిన్నంతసేపు పిల్ల చదువుతుంది. ఒక్కో రోజు నాలుగు పేజీలు దాటేది. ఆ నెలలో స్వరూప కాస్త నవ్వింది.

అన్నం గట్టిగా ఉంటోందని, తినడానికే ఆలస్యమవుతోందని మెరికల సెక్షన్ తల్లిదండ్రులు ఫిర్యాదు రాశారు. సుదర్శన్ వంటగదికి వచ్చి మెమో చేతికిచ్చాడు.

"మెత్తగా వండు స్వరూపా. పిల్లల టైమ్ వృథా అవుతోందట."

"ఏ పిల్లలది సార్?"

ఆయన మెమోలో సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు. ఆమె పెట్టింది. వంట పోతే ఇద్దరు పిల్లలకూ పూట గడవదు.

మర్నాడు ఎసట్లో మరో రెండు చెంబుల నీళ్లు పోసింది. మేఘన మొదటి పేజీ సగంలో ఉండగానే పళ్లెం ఖాళీ అయింది.

"ఇయ్యాల అన్నం మంచిగ మెత్తగున్నదమ్మా," అని పుస్తకం మూసి, కుళాయి వైపు నడిచింది.