గుట్ట ఎక్కిన క్రూయిజర్

ఆదివారం మధ్యాహ్నం భద్రాచలంలో వదిన నాగలత ఇంట్లో భోజనం చేసి, పొద్దు గూకేలోగా ఖానాపురం హవేలికి తిరిగి రావాలన్నది వెంకటకృష్ణ ఆలోచన. పైకి చెప్పని ఆలోచన ఇంకొకటుంది. పాల్వంచ దాటాక అడవిలో వచ్చే గుట్ట మీద, వెనక భార్య ప్రసూనను కూర్చోబెట్టుకుని, తన క్రూయిజర్ బైకు ఏపాటిదో చూపించాలి.

కారణం లేకపోలేదు. పోయిన నెల ఇద్దరూ అదే గుట్ట ఎక్కుతుంటే, మేకను కట్టుకుని పోతున్న మోపెడ్ ఒకటి వాళ్లను దాటేసింది. దాటినందుకు ఆయన అంతగా బాధపడలేదు. దాటాక ఆ మేక వెనక్కి తిరిగి చూసింది. ప్రసూన భద్రాచలం దాకా నవ్వుతూనే ఉంది.

ఆ వారమే బండిని వైరాలో ముక్తార్ షెడ్డుకు తోలాడు.

"ఇద్దరెక్కితే ఎత్తుల గుంజుతలేదు ముక్తార్ భాయ్. పవర్ పెరగాలె."

"బండికి ఊపిరాడుతలేదు సార్," అన్నాడు ముక్తార్. ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మార్చి స్టార్ట్ చేస్తే, పక్క హోటల్లో టీ గ్లాసులు గలగలమన్నాయి. "ముందుగాల మెల్లగ పోండ్రి. ఇంజన్ సర్దుకున్నంక గుంజుండ్రి."

పాల్వంచ దాటేదాకా వెంకటకృష్ణ ఆ మాట మీదే నిలబడ్డాడు. ఊరి చివర బంకులో పెట్రోలు పోయించి, జేబులోంచి జారిపోతుందేమోనని ఫోను ప్రసూన బ్యాగులో వేయించాడు. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని ఎక్కారు. బండి గర్జించింది. వెనక నుంచి భుజం మీద రెండు దెబ్బలు పడ్డాయి. పోదాం పదమంటోందనుకుని యాక్సిలరేటర్ తిప్పాడు.

బండి ఎగిరింది! గుట్ట మొదలైంది, అయిపోయింది. ఎక్కినట్టే తెలియలేదు.

"ఎట్లుంది?" అని అరిచాడు. జవాబు లేదు. నోట మాట రావడం లేదు కాబోలనుకున్నాడు. "గట్టిగ పట్టుకో!" అని ఇంకా తిప్పాడు.

గుట్ట దిగాక, పొగడ్త వినడానికని చెట్టు కింద ఆపి హెల్మెట్ తీశాడు. "ఇప్పుడు చెప్పు," అని వెనక్కి తిరిగాడు.

సీటు ఖాళీగా ఉంది.

పడిపోయిందా? ఎక్కడ? ఆ వేగానికి పడితే మనిషి బతుకుతుందా? ఫోను ఆమె దగ్గరే ఉంది. బండి వెనక్కి తిప్పి, గుట్ట మలుపులో నిలిపి, "ప్రసూనా!" అని కేకలేస్తూ రోడ్డు పక్క లోతులోకి దిగాడు. ఒక కట్టె తీసుకుని పొద పొదనూ కదిలించాడు. పైన రోడ్డు మీద బస్సొకటి పోయింది. ఆయన తలెత్తలేదు.

కట్టెలు ఏరుకుంటున్న సోమ్లి అనే ముసలామె ఆయన వాలకం చూసి దగ్గరికొచ్చింది.

"ఏం పోగొట్టుకున్నవ్ అయ్యా?"

"నా భార్యను."

"ఏడ పడేసినవ్?"

"గదే తెలుస్తలేదమ్మా!"

సోమ్లి రెండడుగులు వెనక్కి వేసి, గట్టిగా కేక పెట్టింది. అడవిలోంచి నలుగురొచ్చారు. వాళ్ల వెనకే ఫారెస్టు గార్డు లచ్చిరాం వచ్చాడు. అతని చెవిన పడేసరికి ఆ మాట, పెళ్లాన్ని చంపి ఏ పొదలో పడేశాడో మర్చిపోయి వెతుక్కుంటున్నాడని మారింది. లచ్చిరాం ముందు బండి తాళం లాక్కున్నాడు.

"కట్టె కింద పడెయ్. నిజం చెప్పు, ఏం జేసినవ్?"

"ఏం చేయలే సార్! వెనక కూసుంది. తిరిగి చూస్తే లేదు."

"మనిషి మాయమైతదా? నడువు ఠాణాకు!"

"ఆమె నంబర్ చెప్తా, ఒక్కసారి కొట్టి చూడుండ్రి, దండం పెడ్త!"

మలుపులో సిగ్నల్ లేదు. ఆయన చొక్కా పట్టుకునే లచ్చిరాం గుట్ట పైకి నడిపించాడు. పైన అతను తన ఫోనులోంచి ఆ నంబరు కొడితే మోగింది. స్పీకర్ పెట్టారు.

"హలో, ఎవరు?"

ప్రసూన గొంతు! వెంకటకృష్ణ రోడ్డు మీదే కూలబడ్డాడు.

"అమ్మా, మీ ఆయనంట, మా దగ్గరున్నడు. మీరెక్కడున్నరు?"

"బస్సుల భద్రాచలం పోతున్న. నీళ్ల సీసా బంకుల మర్చిపోయిన, ఆగుండ్రి అని భుజం మీద కొట్టి దిగిన. నన్నక్కడ్నే ఇడిసిపెట్టి పోయిండు! ఆయనను ఇంకో గంట మీ దగ్గర్నే ఉంచుకోండ్రి."

లచ్చిరాం చొక్కా వదిలేశాడు. ఒకసారి బండిని, ఒకసారి ఆయనను చూశాడు.

"ఆమె దిగిన సంగతే తెల్వలేదా సార్? గంత గుంజుతదా బండి?"

అప్పటిదాకా ఠాణా అన్నవాళ్లంతా బండి చుట్టూ మూగారు. ఒకతను సైలెన్సర్‌ను చేత్తో తడిమాడు. లచ్చిరాం మర్యాదగా తాళం తిరిగిచ్చి, ముక్తార్ షెడ్డు ఎక్కడుందో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. సోమ్లి ఒక్కతే దూరంగా నిలబడి, "పెండ్లాం సంగతి ఎవ్వడు అడగడేంది?" అని కట్టెలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

భద్రాచలంలో వదిన వడ్డించిన అన్నంతో పాటు చీవాట్లు కూడా తిని, సాయంత్రం వెంకటకృష్ణ తిరుగు ప్రయాణమయ్యాడు. ప్రసూన ఈసారి ఆయన బెల్టు పట్టుకుని కూర్చుంది. గుట్ట మొదలైంది. ఆయన ధీమాగా యాక్సిలరేటర్ తిప్పాడు. చప్పుడుకు పక్షులు లేచాయి గానీ బండి లేవలేదు. ఇంకా తిప్పాడు. మూలుగుతూ, దగ్గుతూ, పోయిన నెల ఎలా ఎక్కిందో అలాగే ఎక్కసాగింది.

పొద్దున బండికి ఊపిరాడింది ముక్తార్ చేతి చలవ వల్ల కాదని అప్పుడు ఆయనకు అర్థమైంది.

వెనక నుంచి ప్రసూన ఆయన చెవి దగ్గర అరిచింది. "పొద్దుగాల ఎగిరిందన్నరు? ఇప్పుడేమైంది?"

నిజం చెప్పే ధైర్యం లేని వెంకటకృష్ణ ముందుకు వంగి, "ఎదురుగాలి!" అన్నాడు.

రోడ్డుకు రెండు పక్కలా చెట్ల మీద ఒక్క ఆకు కూడా కదలడం లేదు.