సలహాదారుల వంటగది

మా భవనంలో ఎవరు ఏ వ్యాపారం మొదలుపెట్టదలచినా, కావలసిన సలహాలన్నీ గడప దగ్గరికే ఉచితంగా అందజేయబడునని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పెట్టుబడి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ఈ సదుపాయం మొట్టమొదట మూడో అంతస్తు వదినగారికి దక్కింది. ఆవిడ భర్త పనిచేసే అచ్చాఫీసు మూతపడింది. ఆయన అన్నగారిది జాలిగుండె. "అద్దె కట్టుకుంటూ ఎందుకురా ఈ అవస్థ? మరదలిని తీసుకుని మా ఇంటికొచ్చెయ్. మా వంటమనిషిని మానిపించేస్తాలే" అని ఫోన్ చేశారు. ఆ ఇంట్లో నీడ ఉంది, పెద్ద పొయ్యి ఉంది, తినేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. జీతం ఒక్కటే లేదు. వదినగారు నెలాఖరు దాకా గడువు అడిగారు. ఎలాగూ వండక తప్పనప్పుడు సొంత పొయ్యి మీదే వండుదామని, ఉన్న గిన్నెలతోనే మధ్యాహ్నం భోజనం డబ్బాలు మొదలుపెట్టారు. రొట్టె, కూర, ఉడికిన గుడ్డు. పిండి కొద్దీ రొట్టె.

మేం ఊరుకుంటామా? వెంటనే రుచి సంఘం ఏర్పాటు చేశాం. రిటైరైన పన్నుల అధికారి బాబాయిగారు అధ్యక్షులు. రుచి చూడందే సలహా చెప్పడం బాధ్యతారాహిత్యం కాబట్టి రోజూ పొయ్యి మీంచి కూర దించే వేళకి హాజరయ్యేవాళ్ళం. ఉప్పు సంగతి ఒక్క ముద్దతో తేలదు. పళ్ళెం ఖాళీ అయితేగాని తీర్పు చెప్పలేం. బ్యాంకు పిన్నిగారు పిల్లల అభిప్రాయం కూడా సేకరించాలని గిన్నె నిండా ఇంటికి పట్టుకెళ్ళేవారు. నేను మాత్రం మొహమాటస్థుణ్ణి. రెండోసారి కూర వేయించుకునేవాణ్ణి కాదు, మొదటిసారే ఎక్కువ వేయించుకునేవాణ్ణి.

డబ్బుల ప్రసక్తి రాకపోలేదు. అధ్యక్షులవారే తెచ్చారు. "మనలో మనకు డబ్బులేంటమ్మా? నేనిచ్చినా నువ్వు పుచ్చుకుంటావా?" అన్నారు. వదినగారు పుచ్చుకోలేదు. ఆయన ఇవ్వలేదు కనక.

పెద్దల మాట కాదనడం ఆవిడకు చేతకాదు. అధ్యక్షులు ఉప్పు తగ్గించమంటే తగ్గించారు, పిన్నిగారు పెంచమంటే పెంచారు. కారం వేస్తే ముసలివాళ్ళు రారన్నారు, వెయ్యకపోతే కుర్రాళ్ళు రారన్నారు. పెద్ద వ్యాను లేకుండా వ్యాపారమేమిటని నేనడిగాను. చివరికి ఆ కూర మా సలహాలన్నిటికీ నచ్చింది, మా నాలుకలకు తప్ప.

గడువు దగ్గరపడింది. ఆవిడ భర్త మెల్లగా "గిన్నెలు సర్దనా?" అని అడిగారు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా! వ్యాపారంలో గెలుపోటములు సహజం. ఈ భవనం నీ వెనక కొండలా నిలబడింది. ఇకముందూ నిలబడుతుంది. ఈ పూట కూరేంటి?"

వదినగారు గరిట కింద పెట్టారు. కొంగుకి చేతులు తుడుచుకున్నారు.

"బాబాయిగారూ, ఇకనుంచి నాకు తోచినట్టే వండుతాను. మీ సలహాలు మాత్రం వింటాను. డబ్బా కొన్నవాళ్ళవే వింటాను. డబ్బాకో సలహా. మధ్యలో అడ్డురాను, పూర్తిగా వింటాను."

మేం లేచి వచ్చేశాం. ఇంత అవమానం ఏ సంఘానికీ జరిగి ఉండదు. ఆ మర్నాడు ఒక్కరమూ గడప తొక్కలేదు.

కానీ ఆకలైతే ఓర్చుకోవచ్చు. గొంతు దాకా వచ్చిన సలహాని మనిషి ఎంతసేపని మింగుతాడు? అధ్యక్షుల ఇంట్లో ఆయన మాట వినడం ఎప్పుడో మానేశారు. ఆయనే ముందుగా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్ళి, డబ్బా కొని, ఉప్పు గురించి ఆద్యంతం మాట్లాడారు. వదినగారు పిండి కలుపుతూ "ఆఁ... అవునా బాబాయిగారూ..." అంటూ విన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగడం నేను చూశాను. మర్నాడు రెండు డబ్బాలు కొన్నారు. రెండో సలహా మొదటి సలహాకి సవరణ.

తర్వాత పిన్నిగారు, నేను, పక్కవీధివాళ్ళు. ఇప్పుడు మెట్ల మీద వరస. కూర వదినగారి సొంత చేతిరుచి, అద్భుతం. తన సలహా వల్లే బాగుపడిందని ఎవరికి వారే చెప్పుకుంటున్నాం.

నెలాఖరున ఆవిడ భర్త అన్నగారు సామాను తీసుకుపోవడానికి ఆటో వేసుకుని వచ్చారు. వరస చూసి నిర్ఘాంతపోయారు. ఆయన దగ్గర, వ్యాపారం గురించీ, ఆడవాళ్ళ గురించీ, తమ్ముడి గురించీ జీవితకాలపు సలహాలు పోగుపడి ఉన్నాయి. అన్నీ చెప్పుకున్నారు. ఆటో నిండా డబ్బాలతో తిరిగి వెళ్ళారు.

ఈ కథ ఇంకోలా రాసి ఉండాల్సిందని మీకు ఈపాటికి తోచే ఉంటుంది. మహా సంతోషం. మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు. చిల్లర తెచ్చుకోండి.