ఆ గురువారం వక్త ఎవరు?

లెక్కల టీచరమ్మ రిటైరై ఆరేళ్ళయినా, టైమ్‌టేబుల్ లేనిదే ఆమెకు రోజు గడవదు. ఆ గురువారం పొద్దున కాఫీ చల్లారేలోపే అంతా రాసేసుకుంది. మూడింటికి గది ఊడ్పించాలి, మూడున్నరకు మైకు చూసుకోవాలి, నాలుగింటికి బస్సు డ్రైవరమ్మ ఉపన్యాసం.

లైబ్రరీ మేడమీది గదిలో ఆమె ఏడాదిగా పెద్దవాళ్ళ కోసం ఉపన్యాసాలు పెట్టిస్తోంది. నేర్చుకోవడానికి వయసేమిటన్నది ఆమె పట్టుదల. చెప్పేది మాత్రం ఊళ్ళో పనిచేసే ఆడవాళ్ళే కావాలన్నది షరతు. వినడానికి ఎప్పుడూ ఆ పదకొండు మంది ఆడవాళ్ళే వస్తారు. అందుకే లైబ్రరీ అధికారి కన్ను ఆ గది మీద పడింది. ఈసారి ఇరవై మంది శ్రోతలు లేకపోతే అందులో విరిగిన కుర్చీలు పడేయిస్తానని, తానే వచ్చి లెక్కపెట్టుకుంటానని తేల్చి చెప్పాడు. టీచరమ్మ బెదరలేదు. డ్రైవరమ్మ మాట్లాడితే డిపో నుంచి పాతికమంది వస్తామన్నారు మరి.

ఎనిమిదింటికి డ్రైవరమ్మ ఫోన్ చేసింది. ఎవరో సెలవు పెట్టారట, ఆ డ్యూటీ తన నెత్తిన పడిందట. ఆమె రాకపోతే ఆ పాతికమందీ రారు. శ్రోతల సంగతి తర్వాత, ముందు వక్తనైనా దొరకబుచ్చుకుందామని టీచరమ్మ ఎప్పుడూ వచ్చే ఆ పదకొండు మందికీ వరసగా ఫోన్లు కలిపింది.

తాళాలు బాగుచేసే ఆవిడ నలుగురిలో తనకు నోరు పెగలదంది. దర్జీదీ నర్సుదీ అదే పాట. పది మందీ తప్పించుకున్నాక సొంత వియ్యపురాలే మిగిలింది.

"వదినగారూ, కోర్టులో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేశారు. మీ దగ్గర కబుర్లు లేవంటే ఎవరు నమ్ముతారు?"

"టైపు కొట్టాను గానీ ఏనాడైనా నోరు విప్పానా? నన్నొదిలెయ్యండి వదినగారూ."

ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కొక్కరికీ మనసు ఊరుకోలేదు. ఇన్నేళ్ళలో నీ పని గురించి చెప్పమ్మా అని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు అడిగితే వద్దన్నదేమిటి తను? సరేనని చెబుదామంటే వక్త వేటలో టీచరమ్మ ఫోన్ పొద్దస్తమానం ఎంగేజే. ఇక నేరుగా వెళ్ళిపోవడమే అనుకున్నారు, ఎవరికి వారే. నర్సు అద్దం ముందు మూడుసార్లు మాట్లాడి చూసుకుంది. దర్జీ సంతోషం పట్టలేక, కుడుతున్న చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు వేసేసింది.

నాలుగింటికి పదకొండు మందీ ఇస్త్రీ బట్టల్లో, చేతుల్లో కాగితాలతో వచ్చి కూర్చున్నారు. వాళ్ళ వెనకే అధికారి దిగాడు.

"శ్రోతలు చేతులెత్తండి," అన్నాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"పోనీ, వక్త ఎవరు?"

పదకొండు చేతులు లేచాయి.

లేచిన చేతులు ఒకదాన్నొకటి చూసి సిగ్గుపడ్డాయి గానీ దిగలేదు. అధికారి శ్రోతలు సున్నా అని రాసుకుని, విరిగిన కుర్చీలు పైకి తెమ్మని కిందికి కేకెయ్యబోయాడు. ఏడాది కష్టం కళ్ళముందే నీళ్ళపాలవుతోంది. టీచరమ్మ చటుక్కున సుద్దముక్క అందుకుని బోర్డు దగ్గరికి నడిచింది.

"ఒకరు మాట్లాడుతుంటే మిగతా పదిమందీ వింటారు కదండీ. నేను ఏర్పాటు చేసేదాన్ని, నన్ను లెక్కలోంచి వదిలెయ్యండి. పదకొండు ఉపన్యాసాలకు పదేసి మంది. పదకొండు పదులు?"

"నూట పది," అన్నాడాయన, లెక్కల టీచర్లంటే చిన్నప్పటి భయం కొద్దీ.

"మీరడిగింది ఇరవయ్యే."

బోర్డు మీది లెక్క చెల్లదని, కళ్ళారా చూస్తే తప్ప రాయనని ఆయన మొండికేశాడు. చూడమని టీచరమ్మ కుర్చీ వేసింది. ఆయన చేతి గడియారం చూసుకుంటూ అంచున కూర్చున్నాడు.

తాళాలావిడ ఒక తాళాన్ని పది అంకెలు లెక్కపెట్టేలోపు పిన్నుతో తెరిచింది. అధికారి ఆ తాళాన్ని చేతిలోకి తీసుకుని, తమ ఇంటికీ ఇలాంటిదే వేసి వచ్చానని గొణిగి, కుర్చీలో వెనక్కి సర్దుకున్నాడు. నర్సు చెబుతుంటే తన నాడి తనే పట్టుకుని చూసుకున్నాడు. వియ్యపురాలు జడ్జిగారి తీర్పుల్లో తప్పులు ఆయనకు తెలియకుండా ఎలా దిద్దేదో చెప్పేసరికి గదంతా నవ్వులతో దద్దరిల్లింది. తనకిచ్చిన పది నిమిషాలూ ఆమె ఎప్పుడో దాటేసింది. ఆపమన్నవాళ్ళే లేరు.

చీకటి పడుతుండగా అధికారి, గది ఉపన్యాసాలకే ఉంచాలని రాసి సంతకం పెట్టాడు. శ్రోతల సంఖ్య దగ్గర నూట పది అని రాసి, ఒక్క క్షణం ఆలోచించి, కొట్టేసి నూట ఇరవై ఒకటి చేశాడు.

ఎక్కువైన ఆ పదకొండు మందీ ఆయనే.