రోడ్డుకి అవతల స్టాండు

ఆ రోజు సింహాచలమ్మ అనుకున్న పని ఒక్కటే. మంచు పలచబడగానే వాకిట్లో మంచం వాల్చి గుమ్మడి వడియాలు పెట్టాలి. భిలాయి సెక్టర్ 2లో డిసెంబరు పొద్దులు సగం నిద్రలో ఉన్నట్టుంటాయి. వీధి చివర చెట్లు ఉన్నాయో లేవో తెలియదు. ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం మాత్రం పొయ్యి ఆర్పని వంటింటిలా ఎర్రగా ఉంటుంది. భర్త పైడిరాజు తెల్లవారకముందే మొదటి షిఫ్టుకి వెళ్లిపోయాడు. ఇంకో ఎనిమిది నెలల్లో ఆయన రిటైరవుతాడు. క్వార్టరు వదలాలి. ఆ తర్వాత ఎక్కడికని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. విజయనగరం దగ్గర సొంత ఊరికే పోదామంటాడని ఆమె భయం. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు.

పిండి గిన్నె తెచ్చేసరికి రోడ్డుకి అవతల ఫోటోగ్రాఫరు నరసింగరావు కనిపించాడు. మంచులో నిలబడి మూడుకాళ్ల కెమెరా స్టాండు సరిచేస్తున్నాడు. మార్కెట్లో ఆయన స్టూడియో పెట్టి ముప్పై అయిదేళ్లయింది. ఈ ఇంటి కూతురు ప్రసూన బారసాల, అక్షరాభ్యాసం, ఓణీల ఫంక్షను, పెళ్లి, మొన్నటి మనవడి అన్నప్రాశన, అన్నీ ఆయన తీసినవే. ఫోటోలు తీయడానికి వచ్చి, ఉండి భోంచేసి, ఎప్పుడో చెల్లీ, బావా అని వరస కలిపేశాడు.

ఆయనకో పద్ధతి ఉంది. శుభకార్యాల ఫోటోలన్నీ గేటు లోపలే తీస్తాడు. స్టాండు రోడ్డు దాటించేది ఒక్కదానికే. రిటైరైన కుటుంబం క్వార్టరు ఖాళీ చేసే రోజున గేటూ, నంబరూ, చెట్టూ అన్నీ పడేలా తీసే వీడ్కోలు ఫోటోకి. ఆ వీధిలో స్టాండు రోడ్డు దాటిందంటే వెనకాలే లారీ వస్తుందని అందరికీ తెలుసు.

"ఏటన్నయ్యా, స్టాండు అక్కడెట్టినావు?"

"ఊరికేనమ్మా. మధ్యాన్నం బావ డ్యూటీ నుంచి వచ్చీసరికి నానూ వచ్చెస్తాను. ప్రసూనని కూడా రమ్మను. ఒక్క ఫోటో."

"ఎందుకు?"

"ఎందుకేటి. ఎండ బాగుంటాది." ఆయన ఆమె మొహం వైపు చూడలేదు. "ఇక్కడ కార్లు పెట్టెస్తారు. జాగా కోసం స్టాండు ఉంచెస్తన్నాను."

ఆయన స్కూటరు మంచులో కలిసిపోయింది. స్టాండు మిగిలింది.

మూడో వరస వడియాలు పెడుతుంటే పక్క క్వార్టరు కుముదిని గోడ దగ్గరికి వచ్చింది.

"ఒదినా, ఇన్నేళ్లు గోడకి గోడ ఉన్నాం. ఒక్క మాట సెప్పలేదు."

"ఏటి సెప్పాలి?"

కుముదిని గడ్డంతో స్టాండు వైపు చూపించింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒత్తుకున్నాక అడిగింది. "కూలరు తీసుకెల్తన్నారా, ఉంచెస్తన్నారా?"

"మేం ఎక్కడికీ ఎల్లట్లేదే."

"కిందటేడు ఖాళీ సేసిన తులసమ్మగారూ అలాగే అన్నారు. సాయంత్రానికి లారీ వచ్చీసింది."

సింహాచలమ్మ నరసింగరావుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పైడిరాజు ఫోను డ్యూటీ అయ్యేదాకా లాకర్లోనే ఉంటుంది. ఈలోగా కుముదిని భర్త ప్లాంటు క్యాంటీన్లో ఉన్న ఎవరికో ఈ సంగతి చెప్పాడు. క్యాంటీన్లో టీ చల్లారేలోపు ఆ సంగతికి కాళ్లొచ్చాయి.

పదిగంటలకి సత్యప్రసాద్ వచ్చాడు. ప్లాంటులో కొత్తగా చేరినవాడు, పెద్ద క్వార్టరు కోసం ఎదురు చూస్తున్నవాడు. చేతిలో టేపు ఉంది.

"నమస్తే ఆంటీజీ. మాది పెద్ద సోఫా. బస్, నాప్ లేకే చలా జాఊంగా."

ముందుగది కొలిచాడు. ఆరంగుళాలు తక్కువైంది. ఆ తప్పు ఆమెదే అన్నట్టు నిట్టూర్చాడు.

"నీకెవలు సెప్పారు బాబూ?"

"క్యాంటీన్లో అందరూ అంటున్నారు. సార్ ముందే రిటైరవుతానని పేపర్లు కూడా ఇచ్చేశారట."

పేపర్లదాకా వచ్చిందా. అయితే నిజమే. తనకి చెప్పకుండా ఆయన ఇచ్చేశాడు. నరసింగరావుకి తెలుసు. అందుకే మొహం చూడలేదు. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. లోపలికి వెళ్లి ఇత్తడి బిందెలు పాత చీరల్లో చుట్టడం మొదలుపెట్టింది. కరివేపాకు కుండీ గోడ మీదుగా కుముదినికి ఇచ్చేసింది. వాకిట్లో వడియాలను ఒక ఆవు వరస తప్పకుండా తినుకుంటూ పోతోంది. ఆమె చూసింది గానీ అదిలించలేదు. ఈ వడియాలు ఎండి ఎవరు తినాలి?

చివరికి ఆల్బములు మిగిలాయి. అవి సర్దడానికి కూర్చుని, విప్పి, అలాగే ఉండిపోయింది. పేజీల్లో ప్రసూన పాకింది, నడిచింది, పుస్తకాల సంచి తగిలించుకుంది. కిటికీలోంచి ఎండ జరుగుతూ వచ్చి ఒక్కో ఫోటో మీద కాసేపు నిలబడింది. పిల్ల మొదటి పుట్టినరోజు ఫోటోలో, అడుగున గడ్డి మీద, పొడవుగా ఒక నీడ ఉంది. రెండు మోచేతులూ పైకెత్తి కెమెరా పట్టుకున్న మనిషి నీడ. ఇన్నేళ్లలో ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ప్రసూన దుర్గ్ నుంచి పిల్లాడిని చంకనేసుకుని వచ్చింది.

"మమ్మీ, పూరా సెక్టర్‌కి తెలుసు, నాకే తెలీదు. మై క్యా పరాయీ హూఁ?"

"నాకూ తెల్దమ్మా."

"అదెలా?"

అంతలోనే కుముదిని పులిహోర గిన్నెతో వచ్చింది. వెనకాల వీధిలో సగం మంది వచ్చారు. ఎవరో కుర్చీలు తెచ్చారు. తినేవాళ్లు తింటూనే బాధపడ్డారు.

రెండున్నరకి పైడిరాజు సైకిలు దిగాడు. వాకిట్లో మూటలూ జనమూ చూసి, సైకిలు గోడకి ఆనించి, చాలా మెల్లగా అన్నాడు.

"ఊరెల్లిపోదామని అనుకున్నావన్నమాట. క్యాంటీన్లో సెప్తే నమ్మలేదు."

"నానా? పేపర్లిచ్చింది నువ్వు కాదా?"

"ఏ పేపర్లు? నాను ఇక్కడే రుఆబాంధాలో అద్దిల్లు అడిగి ఉంచినాను. నువ్వు ఊరెల్లాలంటే ఏటి సెయ్యాలో తెలీక నోరెత్తలేదు."

"ఊరెల్దామని నువ్వంటావని నానూ ఎత్తలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఇద్దరికీ కావలసింది ఒకటేనని జనం మధ్యన తెలియడం వాళ్లకి కొంచెం సిగ్గుగా అనిపించింది. జనంతో మళ్లీ వచ్చిన సత్యప్రసాద్ టేపు జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఆ స్టాండేటి?" అంది కుముదిని, ఎవరో తనని మోసం చేసినట్టు.

అప్పుడే నరసింగరావు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకి కొత్త రంగు. ఎప్పుడూ మాసిన జేబుల చొక్కాలో తిరిగే మనిషి పెళ్లికొడుకులా ఉన్నాడు. జనాన్ని చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"మేం ఎల్తన్నామని నీకెవలు సెప్పారన్నయ్యా?" అంది సింహాచలమ్మ.

"మీరెక్కడికెల్తారు? ఎల్తన్నది నాను."

తినేవాళ్లు తినడం ఆపారు.

"కొట్టు ఎత్తేస్తన్నాను. పొద్దున సెప్దామనే వచ్చాను. నోరు రాలేదు. నలుగురి వీడ్కోలూ తీసినోణ్ని గానీ, నా వీడ్కోలెలా సెప్పాలో నాకేటి తెలుసు? స్టాండు అక్కడెట్టడం తప్ప. మీతో ఒక్క ఫోటో తీయించుకుందామని. మీ ఆల్బములన్నీ ఎతుకు చెల్లీ. ఎక్కడన్నా నానున్నానా?"

"ఉన్నావు. ఒకదాంట్లో నీ నీడుంది," అంది సింహాచలమ్మ. ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె ఏడుస్తోంది.

అక్కణ్నించి ఎవరినీ ఆపడం కుదరలేదు. వీధిలో ఆయన చేత బారసాల ఫోటో తీయించుకోని ఇల్లు లేదు. పులిహోర మళ్లీ వడ్డించారు. ఆయన్ని గేటు ముందు నడిమి కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ అందరూ సర్దుకున్నారు. సాయంత్రపు ఎండ వాళ్ల మీద పసుపునీళ్లలా పడింది. తీరా చూస్తే స్టాండు దగ్గర ఎవరూ లేరు.

సాయంత్రం పాలు పోయడానికి మన్‌రాఖన్ అప్పుడే సైకిలు మీద వచ్చాడు.

"కా హోగే దీదీ?" అన్నాడు, ఇంతమంది కన్నీళ్లు చూసి.

ఏమైందో ఎవరూ చెప్పలేదు. నరసింగరావు అతనికి బటను చూపించి, పరుగున వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ప్రసూన వెనక నుంచి వంగి అడిగింది.

"అంకుల్, ఇంతకీ ఎక్కడికి వెళ్తున్నారు?"

"భిలాయి-3కి తల్లీ. మా బామ్మర్ది ఇంటి పక్కకి."

ఆ మాటతో ఏడుపులు ఇంకాస్త పెరిగాయి. రోజూ రెండు పూటలా భిలాయి-3 నుంచే సైకిలు తొక్కుకుంటూ వచ్చే మన్‌రాఖన్, అక్కడ ఏదో ఘోరం జరిగిందేమోనని, బటను నొక్కి వెంటనే ఇంటికి ఫోను చేశాడు.